గూటిపురుగు - కట్టుడు ఈగ

వానకాలమున ప్రొద్దు గ్రుంకిన తరువాత అరుగుమీద దీపము పెట్టినచో దాని చుట్టు మూగు పురుగులను మనమెవ్వరము వేఱుచేసి చూడము. ఉసిళ్లు, శలభములు, దీపపు పురుగులు అని రెండు మూడు మాటలతో ముగింతుము. వాగు దాపున నున్న ఊళ్లలో ఆ గుంపునందు మఱియొకటి కూడ నుండును. అది బూడిదవన్నెది, చిటికెనవ్రేలి గోరంతది. గోడమీద వ్రాలినపుడు ఱెక్కలను పూరియింటి కప్పువలె రెండు వైపులకు ఏటవాలుగా దించుకొనును. తలనుండి సన్నని మీసములు రెండు ముందునకు చాచియుండును. శలభమును ముట్టినచో వ్రేళ్లకు పొడి యంటును గదా, దీనిని ముట్టినచో అట్లు అంటదు. ఏలయన దీని ఱెక్కలమీద నుండునది పొలుసు కాదు, నూగు. ఆ నూగును బట్టియే శాస్త్రజ్ఞులు ఈ తెగకు 'రోమపక్షములు' అను అర్థమిచ్చు గ్రీకు నామమును 1813లో నుంచిరి. ఆంగ్లేయులు దీనిని కాడిస్ ఈగ యందురు. ఈ ప్రసంగమున నేను గూటిపురుగని పిలిచెదను. కారణము కొలది సేపటిలో మీకే తెలియగలదు.

ఆర్యులారా, ఇంత అల్పమైన పురుగును గూర్చి పెద్దలకు ప్రసంగమేల యని మీరడుగవచ్చును. నేను కొన్ని యేండ్లుగా ఈ పురుగు ప్రతిరూపమును దారముతోను ఈకతోను గాలముమీద కట్టుచున్నాను. కట్టినవానిని దూరప్రాంతముల మిత్రులకు పంపి, వారు కట్టినవానిని పుచ్చుకొనుచున్నాను. ఈ పనిలో దిగిన పిమ్మట జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల వాగులను నేను చూచు చూపే మాఱినది. ఆ సంగతి మీతో చెప్పదలచితిని.

మొదట పురుగు బ్రదుకు వినుడు. తల్లి ఈగ గ్రుడ్లను నీట విడుచును. కొన్ని జాతులలో అది తానే నీట మునిగి రాతికి గ్రుడ్లను అంటించి వచ్చును. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల మెత్తని శరీరము గలది, ఈదుటలో నేర్పు లేనిది. చేపకు ఇంతకంటె సులభమైన కబళము దొరకదు. అందుచేత అది ఇల్లు కట్టుకొనును. దాని నోటిక్రింద నుండి పట్టుదారము వెడలును. ఆ దారముతో ఇసుక రేణువులను ఏరి, త్రిప్పి చూచి, సరిపడినదానిని మాత్రము కూర్చి, తన ఒడలు పట్టునంత గొట్టమును నిర్మించును. కొన్ని జాతులు ఇసుకకు మాఱుగా ఆకులను ముక్కలుగా కత్తిరించి అతికించును. కొన్ని పుల్లలను పేర్చును. కొన్ని చిన్న నత్తగుల్లలను కూడ విడువవు. తాను పెరిగిన కొలది ముందువైపున క్రొత్త వరుసలు చేర్చుకొనును. తలయు కాళ్లును మాత్రమే వెలికి చాచి, ఇంటిని ఈడ్చుకొనుచు నడచును. అలికిడియైనచో లోనికి ముడుచుకొనును. ఫ్రాన్సు దేశపు శిల్పి హ్యూబర్ట్ డుప్రా అనునాయన 1980 ప్రాంతముల నుండి ఈ పురుగులకు ఇసుక నియ్యక బంగారు తునుకలను, ముత్యములను ఇచ్చి చూచెను. అవి వానితోనే నిశ్చింతగా ఇండ్లు కట్టుకొన్నవి. ఇసుకయు బంగారమును వానికి సమానమే. కొలతకు సరిపోయిన చాలును.

ఈ పట్టు సామాన్యమైనది కాదు. భూపాలపల్లి జిల్లాలో మహాదేవపురపు దిక్కున మద్దిచెట్లమీద దసలి పురుగులను పెంచుట మీలో పెక్కండ్రు చూచియుందురు. ఆ దసలి పురుగునకు మన గూటిపురుగు దాయాది. శలభముల వంశమును గూటిపురుగుల వంశమును ఒక్క మూలము నుండి చీలినవని శాస్త్రజ్ఞులు తేల్చియున్నారు. ఒకటి గాలిలో కొమ్మమీద గూడు కట్టె. మఱియొకటి నీటిలో కట్టె. దసలి దారము పొడిచోట అల్లబడునది. గూటిపురుగు దారము తడిసియున్న రాతికి తడిలోనే అంటుకొనును. మన కెఱుకలోనున్న బంకలలో తడిసిన వస్తువును నీటిలోనే అతికించునవి ఎన్ని? అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయము వారు ఈ దారపు నిర్మాణమును పరీక్షించి 2010లో ప్రకటించిరి. శస్త్రచికిత్సలో తడిగా నుండు గాయములను అతుకుటకు ఇట్టి బంక పనికివచ్చునని వారి ఆశ.

గూడు కట్టక వల పన్ను జాతులును కలవు. ఇవి రాళ్ల సందులలో చిన్న వలను అల్లి, ప్రవాహమునకు ఎదురుగా నిలిపి, అందు చిక్కినదానిని తిని జీవించును. చెఱువు అలుగు పాఱుచోట, మన ప్రాంతపు మాటలో మత్తడి క్రింద, వీనికి మంచి తావు. చెఱువునీటిలో పెరిగిన సూక్ష్మమైన ఆహారమంతయు అచ్చటికి కొట్టుకొని వచ్చును గావున, పన్నిన వల నిండుచునే యుండును. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెఱువు గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్దిలో కట్టించినది. భూపాలపల్లి జిల్లాలోని ఘనపురము చెఱువు గణపసముద్రమని ఆ రాజు పేరనే ప్రసిద్ధము. వానిని కట్టించినవారు వరిపొలముల మాట తలచిరి గాని ఇట్టి జాలరులను తలచియుండరు. అయినను మత్తడి దుమికిన ప్రతిచోటను వీరికి కాపురము దొరకును.

పెరుగుట ముగిసిన పిమ్మట పురుగు గూటి ద్వారమును మూసికొని, లోపల రూపము మార్చుకొనును. తరువాత ఒక సాయంకాలము గూటిని కొఱికి వెలువడి నీటిపైకి ఈదును. నీటి ఉపరితలమున పై పొరను విడిచి ఱెక్కలు గల ఈగగా ఎగిరిపోవును. చేపలు కాచుకొనియుండునది ఈ గడియకే. నిశ్చలమైన మడుగుమీద చినుకులు పడినట్లు వలయములు పుట్టుచుండగా ఆకాశమున మేఘము లేకుండుట మీరెన్నడైన గమనించితిరా? అవి చినుకులు కావు, చేపల మూతులు.

పురుగును పోలిన వస్తువును గాలమునకు కట్టి చేపను పిలుచుట పాతవిద్య. సుమారు 1800 సంవత్సరములకు పూర్వము రోములో నుండిన ఈలియన్ అను గ్రంథకర్త, మాసిడోనియా దేశస్థులు గాలమునకు ఎఱ్ఱ ఉన్ని చుట్టి, మైనపు వన్నె గల కోడిఈకలు రెండు చేర్చి చేపలను పట్టుచుండిరని వ్రాసెను. మన దేశమున కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమని ఒక ప్రకరణమే కలదు. అందు చేపల జాతులు, వానికి పెట్టు ఎఱలు, గాలము వేయు విధము వివరింపబడినవి. అప్పటికి కాకతీయులు ఆ చాళుక్యుల సామంతులు గదా. కాబట్టి మన ప్రభువుల ప్రభువు వ్రాసిన గ్రంథమనుట తప్పుకాదు. ఇంగ్లాండులో ఐజాక్ వాల్టన్ 1653లో ప్రకటించిన గ్రంథమునందు గూటిపురుగును గూటినుండి తీసి ఎఱగా గ్రుచ్చుటను ప్రశంసించెను. మదరాసు సివిల్ సర్వీసులో నుండిన హెన్రీ సలివన్ థామస్ 1873లో హిందూదేశపు గాలపు వేటను గూర్చియు, 1887లో కేవలము చెఱువులలోని వేటను గూర్చియు గ్రంథములు వెలువరించెను. చెఱువులకే వేఱుగ ఒక పుస్తకమును వ్రాసినందుకు ఆయనయందు నాకు గౌరవము. ఇక నేడు లోకమున ఎక్కువ ప్రసిద్ధి గన్న గూటిపురుగు మాదిరి అమెరికా దేశమున పెన్సిల్వేనియాలో ఆల్ ట్రోత్ అనునాయన 1957లో కట్టినది. ఎల్క్ అను పెద్ద దుప్పి వెండ్రుకలను ఱెక్కగా నిలిపెను. ఆ వెండ్రుకలలో గాలి నిండియుండుటచే ఈగ నీటిపై తేలును.

మన దేశమున ఆ మార్గము పొసగదు. చుక్కలదుప్పి, కణుజు మొదలగు వాని వెండ్రుకలను సేకరించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. చట్టము లేకున్నను అక్కఱయు లేదు. బాతు తోకకు పైన నూనెగ్రంథి చుట్టు నుండు మెత్తని ఈకలు నీటికి తడియవు. బాతే తేలుచుండగా దాని ఈక తేలుటకు ఏమి? నేను కట్టు క్రమమిది. పదునాలుగవ నంబరు గాలమును బల్లకు బిగించిన చిన్న పట్టుకారులో నిలుపుదును. గాలములకు నంబరు పెరిగిన కొలది పరిమాణము తగ్గునని తెలియనివారికి చెప్పుచున్నాను. మహాదేవపురపు దసలి దారపు పోగును మైనముతో రుద్ది గాలపు కాడకు చుట్టుదును. పొట్టకు జనుపనారను చిక్కు తీసి, దారమునకు మెలివెట్టి, తోకవైపు సన్నముగా మొగమువైపు లావుగా చుట్టవలెను. దానిపై ఇత్తడి తగటిని వెండ్రుక వెడల్పున కత్తిరించి మెలికగా త్రిప్పినచో పురుగు ఒడలి కణుపులు తోచును. జనగామ ప్రక్కనున్న పెంబర్తి ఇత్తడిపనికి పేరు గాంచినది గదా. అచ్చటి పని ముగిసిన తరువాత మిగులు తగటి తునుకయొకటి నాకు ఒక సంవత్సరమునకు చాలును. తరువాత బాతు ఈకలు రెండు ఇంటికప్పువలె నిలిపి, ముందు ఇంటి కోడిపుంజు మెడ ఈకను రెండు చుట్లు చుట్టి, ముడి వేయుదును. ఆ ముడి నాకు నేర్పినది ఒక వృద్ధుడైన బెస్త. వల చిఱిగినచోట ఆయన చేయి ఎట్లాడునో చూచి నేర్చుకొంటిని. పుస్తకములలోని బొమ్మలకంటె అది స్పష్టముగా నుండెను. ముడిపై లక్క మెఱుగు ఒక చుక్క వేసిన ఈగ ముగిసినట్లే. గూటిలోని పిల్లను కట్టదలచినచో ఱెక్కలు అక్కఱలేదు: కరగిన లక్కను కాడకు పూసి, వేడి చల్లారకముందే వాగు ఇసుకలో దొర్లించిన చాలును. తుమ్మబంక పనికిరాదు, నీట కరగును.

ఇక వినిమయమును గూర్చి. పండ్రెండుగురు మిత్రులు ఒక గడువు నిర్ణయించుకొందురు. ప్రతివాడు తనకు నచ్చిన ఒకే మాదిరిని పండ్రెండు కట్టి మధ్యవర్తికి పంపవలెను. ఆయన వానిని వేఱుచేసి, ఒక్కొక్కరికి పండ్రెండు మాదిరులు వచ్చునట్లు సర్ది, తిరిగి పంపును. ఇందు రొక్కపు ప్రసక్తి లేదు. మన యిండ్లలో స్త్రీలు వాయనము లిచ్చి పుచ్చుకొనునట్లే, రైతులు విత్తనములు మార్చుకొనునట్లే. ఒక ఈగను కట్టుట ఉత్సాహము. పండ్రెండింటిని భేదము తెలియకుండ కట్టుట పని. ఏడవదాని దగ్గఱ చేయి విసుగును, తొమ్మిదవదానికి ఱెక్క పొడవగును. దానిని విప్పి మఱల కట్టవలసినదే, ఏలయన వంకర ఈగ ఎవరి పాలబడునో వాడు నన్ను ఆ ఈగతోనే కొలుచును. గడువు దాటించువాని మూలమున తక్కిన పదునొకండుగురు ఎదురుచూడవలెను గావున ఆలస్యమును ఎవరును క్షమింపరు. నేను క్షమింపను.

ప్రతి ఈగకు ఒక చీటి కట్టవలెనను నియమము నాకు అన్నిటికంటె ఇష్టమైనది. కట్టినవాని పేరు, వాడిన పదార్థములు, ఏ నీటిలోని పురుగును చూచి కట్టెనో ఆ నీటి పేరు, చూచిన మాసము అందు వ్రాయవలెను. నీలగిరి వాగు నుండి వచ్చిన ఈగ కాఫీగింజవలె నల్లబాఱియుండెను. అచ్చటి రాళ్లు అట్టివి. కాశ్మీరమునుండి వచ్చినది ఆకుగూటిది. ఆ సీమలో ఈ వేట పెరుగుటకు ట్రౌటు అను చేప కారణము; అది మన దేశపుది కాదు, బ్రిటనునుండి తెచ్చిన గ్రుడ్లతో కాశ్మీరమున 1900లో మొలకెత్తినది. నా ఈగ వారి ఈగల నడుమ లేత గోధుమవన్నెతో వెలిసిపోయినట్లు కనబడును. మున్నేటి ఇసుక రంగది. ఒక మిత్రుడు దానిని చూచి మీ వాగు అడుగు ఇసుకయే గదా యని వ్రాసెను. మున్నేఱు ఎచ్చటనున్నదో కూడ ఎఱుగనివాడు ఈగను చూచి ఏటి అడుగును చెప్పెను!

వేఱొకరు మఱియొక ఉత్తరము వ్రాసిరి. మీ అడవులలో బూడిదవన్నె అడవికోడి యున్నది గదా, దాని మెడ ఈకలు నాలుగు పంపుడు, వెల యెంతైనను ఇత్తునని. ఆ పుంజు మెడ ఈకల కొసలలో లక్క ముద్ర వేసినట్లు మెఱయు తెల్లని పచ్చని చుక్కలుండును. లోకమున మఱి యే పక్షికిని అట్టి ఈక లేదు. సాల్మను చేపకు కట్టు ఈగలలో కన్నులుగా నిలుపుటకై పూర్వము మన దేశమునుండి అవి విశేషముగా ఎగుమతియయ్యెను. హిందూదేశ ప్రభుత్వము 1902లో అడవిపక్షుల ఈకల ఎగుమతిని నిషేధించినను వేట వెంటనే ఆగలేదు. ఈ కోడి దక్షిణాపథమున మాత్రమే కలదు. సుమారుగా గోదావరియే దానికిని ఎఱ్ఱ అడవికోడికిని ఎల్ల. ఉత్తరపు అడవులు ఎఱ్ఱదానివి, దక్షిణపు అడవులు దీనివి. అనగా కాళేశ్వరపు రేవున నిలిచినవాడు రెండు కోళ్ల రాజ్యముల సరిహద్దున నిలిచినట్లే. నేను ఆయనకు మా పెరటి పుంజు ఈకలు నాలుగు పంపి, వెల అక్కఱలేదని వ్రాసితిని. ఆయన మఱల వ్రాయలేదు. పోనిండు.

నన్ను కలవరపెట్టునది అది కాదు. పురుగును కట్టవలెనన్న ముందు దానిని చూడవలెను. అందుకై ప్రతి సంవత్సరము వానలు వెనుకబట్టి నీరు తేఱిన పిమ్మట నేను వాగులోనికి దిగి రాళ్లు తిప్పి చూతును. ఒక వాగులో ఎగువ మైలు దూరమున అఱచేయంత రాతి అడుగున ఏడెనిమిది గూళ్లు కానవచ్చెను. దిగువన, ఇసుకబండ్లు దిగు రేవు దాటిన తరువాత, ఇరువది రాళ్లు త్రిప్పినను ఒక్కటియు లేదు. జలగలు, ఎఱ్ఱని బురదపురుగులు మాత్రము కలవు. నీరు ఒక్కటే, ఆకాశము ఒక్కటే. ఇసుకను అడుగుదాక తోడిన చోట రాళ్లు బురదలో కూరుకొనిపోయెను. కట్టుటకు రేణువు లేదు, నిలుచుటకు సందు లేదు. ఊరి మురుగు కలియుచోటను ఇట్లే. గూటిపురుగులలో పెక్కు జాతులు నీటిలో కరగియున్న ప్రాణవాయువు తగ్గిన సహింపలేవు. అందుచేతనే అనేక దేశములలో ఏటినీటి మంచిచెడ్డలను నిర్ణయించువారు సీసాలో నీరు పట్టి చూచుటతో తృప్తినొందక, రాతి అడుగున ఈ పురుగులును వీని తోటివారును ఎన్ని జాతులున్నవో లెక్కింతురు. సీసాలోని నీరు ఆ గడియ సంగతి మాత్రమే చెప్పును. పురుగు అచ్చట నెలల తరబడి బ్రదికినది గావున నెలల సంగతి చెప్పును.

ఇసుక తోడుట వలన బావులలో నీరు దిగినదని మీ యూళ్ల పంచాయతులలో మాటలాడుకొనుచునే యున్నారు. అది పెద్ద నష్టము, కంటికి కనబడు నష్టము. నేను చెప్పునది దానికి ముందు నడచునది. ఈ పురుగులు పోయిన మడుగులో వానిని తిని పెరుగు పరకలు, చిన్న చేపలు తగ్గును. చిన్న చేపలు తగ్గినచోట కొఱమీను ఏమి తిని పెరుగును? సంఘముల వారు చెఱువులో విడుచు చేపపిల్లలను లెక్క పెట్టుచున్నారు, మంచిదే. వాగులో తానై పెరుగుదానిని లెక్క పెట్టువారు లేరు. చెఱువులలో పట్టు హక్కు మత్స్య సహకార సంఘములది గావున నేను గాలము వేయదలచినపుడు వారి నడిగియే వేయుదును. పడినదానిని మఱల నీటనే విడుతును. తొలివానలకు మత్తడికి ఎదురెక్కు చేపల కడుపులు గ్రుడ్లతో నిండియుండును. ఆ దినములలో గాలమును ముట్టను. ఆ సమయమున మత్తడిక్రింద అడ్డముగా సన్నకన్నుల వల కట్టువారిని చూచినపుడు నాకు మాట రాదు. వారిలో కొందఱు నాకంటె పెద్దలు.

మార్గశిరమునకు మఱియొక వినిమయము కుదిరినది. ఈ మాఱు గూటిదానిని గాక మత్తడి క్రింది వలపురుగును కట్టుచున్నాను. ఒడలు ఆకుపచ్చ, తల గోధుమ. జనుపనారకు ఆ పచ్చ రంగు పట్టుట లేదు గావున మోదుగాకు రసముతో ఒకమాఱు, పసుపు నీలిమందు కలిపి ఒకమాఱు వేసి చూచితిని, రెండవది నయము. మీలో వాగు దగ్గఱ నున్నవారు, నీరు తేఱిన దినమున మనుమలను వెంట గొని మోకాలి లోతునకు మించని పాఱుదలలో ఒక రాతిని ఎత్తి అడుగు చూడుడు. ఇసుకతో చేసిన గొట్టము వరిగింజ పొడవున అంటియుండును, మొదట కదలదు. రాతిని తడిగానే పట్టుకొని నూఱు అంకెలు లెక్కించునంతలో తల వెలికి వచ్చును. పిల్లలు చూచిన పిమ్మట రాతిని మునుపు ఏ ప్రక్క క్రిందనుండెనో ఆ ప్రక్కయే క్రిందుగా, తీసినచోటనే ఉంచుడు.